పథ్యంలో ఉన్న బండి

ఉప్పొచ్చిన నలభై మూడో ఏడు, వైశాఖం
మంచినీళ్ళ ఆఫీసు, పడమటి లంకల లైను
ఉప్పు తనిఖీ: పలివెల నూకరత్నం

మొదటి రోజు

బండి మారినందుకు ఈ పుస్తకం ఇరవై ఒక్క రోజులు సొంత చేత్తో రాయాలని ఆర్డరు. యంత్రం చేత రాయిస్తే చెల్లదట. యంత్రాలు రాసినవన్నీ ఒకేలా ఉండి, చదవాల్సినవాళ్ళు బల్ల మీదే కునుకు తీస్తున్నారట. మొదటి పేజీలో "వాహనం గురించి మాత్రమే రాయాలి, సొంత విషయాలు రాయకూడదు" అని అచ్చేశారు. బండి మీద కూర్చునేది నేనైనప్పుడు నా విషయం ఎక్కడ ఆగి బండి విషయం ఎక్కడ మొదలవుతుందో, ఆ అచ్చేసినవాళ్ళు వచ్చి గీత గీసి చూపిస్తే అలాగే రాస్తాను.

వాహనం వివరాలు. నా పాత బండి మాఘమాసం పోటుకి సముద్రంలో కలిసింది. ఇప్పుడున్నది సెకండ్ హ్యాండు, సరంగు ధర్మారావు గారి దగ్గర తీసుకున్నాను. ఆయన బళ్ళని నది దాటించే పంటు నడిపి రిటైరయిన మనిషి. బండి ఆయన చేతిలో తొమ్మిదేళ్ళు నడిచింది. బ్యాటరీ ఆరోగ్యం మీటరు మీద ఎనభై నాలుగు. అరవై కన్నా దిగితే ఆఫీసు ఒప్పుకోదని నాకు తెలుసు, మళ్ళీ చెప్పక్కర్లేదు.

ధర్మారావు గారిదే నా లైనులో ఆఖరి ఇల్లు, పంతొమ్మిదోది. లంకలన్నిటిలో గుమ్మంలోకి వచ్చిన మనిషికి గ్లాసు మంచినీళ్ళయినా ఇవ్వని ఇల్లు అదొక్కటే. పేరులో ధర్మం పెట్టిన తల్లిదండ్రుల్ని అనాలి. తాళం చేతికిస్తూ ఆయన రెండు ముక్కలు చెప్పాడు. మూడొంతులు మించి చార్జింగు పెట్టొద్దన్నాడు, ఎండలో అసలు పెట్టొద్దన్నాడు. బండి అమ్మేశాక, పరాయి ఇంటి కరెంటు విషయంలో కూడా ఈయనకి పిసినారితనమేనా అనుకుని నవ్వుకున్నాను.

ఇరవై ఒక్క రోజుల్లో మూడు ఇళ్ళు తప్పితే నా లైను తూనీగకి ఇచ్చేస్తారని సూపర్‌వైజరు హైమావతి గారు చెప్పారు. తూనీగ అంటే ఆఫీసువాళ్ళు కొన్న ఎగిరే యంత్రం. నాలుగు రెక్కలు, కింద సన్నటి తీగ నాలుక. ఆ నాలుకతో నీళ్ళు ముట్టుకుని ఉప్పు ఎంతుందో చెప్పేస్తుంది. నేను పద్దెనిమిదేళ్ళుగా పుల్ల ముంచి చూసి, తలుపు మీద మంచివైతే తెల్ల చుక్క, ఫిల్టరు మార్చాల్సి వస్తే ఎర్ర చుక్క పెడుతున్నాను. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు. రాదని నాకు భయంగానే ఉంది.

పంతొమ్మిది ఇళ్ళూ పూర్తి. ఇంటింటా చార్జింగు అయినది. పద్దెనిమిదో ఇంటి దగ్గర బ్యాటరీ నూరు. అక్కణ్ణించి ఖాళీ కట్ట మీద పన్నెండు కిలోమీటర్లు ధర్మారావు గారింటికి, మళ్ళీ పదిహేను ఆఫీసుకి. చేరేసరికి నలభై మిగిలింది. బండి బంగారం.

రెండో రోజు

పుస్తకంలో "ఇంటింటా చార్జింగు అయినది" అని రాస్తే దాని అర్థమేమిటని హైమావతి గారు అడిగారు. ఆవిడ మెట్ట ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది కాబట్టి రాస్తున్నాను.

కొబ్బరి చెట్లు ఉప్పుకి చచ్చిపోయాక మావాళ్ళు ఆ మోళ్ళ నెత్తిన ఎండ పలకలు బిగించారు. ఒక్కో ఇంటికి పాతిక చెట్లకి తక్కువ లేవు. పొద్దెక్కేసరికి కరెంటు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకని మా లంకల్లో చుట్టం గుమ్మంలోకి రాగానే ముందు బండికి వైరు పెడతారు, తరవాతే కాళ్ళకి నీళ్ళిస్తారు. బండి ఖాళీగా వెళ్ళిందంటే ఆ ఇంటికి తలవంపులు. నేను రోజుకి పంతొమ్మిది ఇళ్ళకి వెళ్తాను. ధర్మారావు గారిని తీసేస్తే పద్దెనిమిది వైర్లు. ఇందులో అర్థం కానిదేముంది?

నాలుగో రోజు

ఇళ్ళన్నీ పూర్తి. మిగిలింది ముప్పై ఒకటి. వంతెన ఎక్కేటప్పుడు బండి ఆయాసపడింది.

మొదటి ఇల్లు బుల్లెమ్మ గారిది. నాకు పిన్ని వరస. ఆవిడ నా బండిని ముంగిట్లో ఎండలో నిలబెట్టించి వైరు పెట్టింది, నీడలోకి వైరు అందదు మరి. నేను ఫిల్టరు చూసి వచ్చేసరికి మీటరు నూరు చూపిస్తోంది. తీసేస్తానంటే ఒప్పుకోలేదు.

"నూరు అన్నది మీటరు లెక్కే రత్నం. కడుపు లెక్క వేరేగా ఉంటాది. ఇంకో పది నిమిషాలు ఉండనివ్వు, ఈలోగా పనసపొట్టు కూరతో రెండు ముద్దలు తినెళ్ళు."

తొమ్మిదింటికే అన్నం ఏమిటన్నాను. రెండు ముద్దలు అన్నం కిందకి రాదంది. తిన్నాను. పది నిమిషాలు అరగంటయింది.

ఆరో రోజు

మిగిలింది పద్దెనిమిది. బ్యాటరీ ఆరోగ్యం డెబ్బై ఏడు. బండి చిక్కిపోయిందని లైనంతా తెలిసిపోయింది, నేనే చెప్పాను. ప్రతి ఇంట్లోనూ అయ్యో అన్నారు. నాలుగో ఇంటివాళ్ళు పాపం రెండు వైర్లు కలిపి పెట్టారు.

ఎనిమిదో రోజు

ఒక ఇల్లు తప్పింది. పంతొమ్మిదోది.

పద్దెనిమిదో ఇంటి దగ్గర నూరుతో బయల్దేరాను. కట్ట మీద ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళాక, మీటరు డెబ్బై చూపిస్తూ ఉండగానే, బండి టక్కున ఆగిపోయింది. ఇటు ఉప్పు నీళ్ళు, అటు ఉప్పు నీళ్ళు, మధ్యలో నేనూ నా బండీ. సీటు తీసి చూస్తే బ్యాటరీ పెట్టె మీద చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లారేదాకా ఆగుదామంటే పొద్దు వాలిపోతోంది. ముందుకెళ్తే వైరు పెట్టే ఇల్లు కాదది, అందుకని బండి వెనక్కి తిప్పి తోసుకుంటూ వచ్చాను. దారి పొడుగునా ధర్మారావుని తిట్టుకున్నాను. చచ్చిన బ్యాటరీకి తుడిచి మెరుగు పెట్టి నా నెత్తిన రుద్దాడు. వాహనం గురించి మాత్రమే రాయమన్నారు కాబట్టి ఏమని తిట్టానో రాయడం లేదు.

తొమ్మిదో రోజు

రేవు దగ్గర ఖాదర్ బాబు షెడ్డుకి పట్టుకెళ్ళాను. లంకల్లో బ్యాటరీలకి డాక్టరు అతనే. పెట్టె విప్పి, వేలితో నొక్కి, చెవి ఆనించి విన్నాడు. పెట్టె రెండు పక్కలా వేలెడు మందాన ఉబ్బి ఉంది.

"బలహీనమక్కా. దీనికి బలం పట్టాలి. లావు వైరుతో పెట్టించండి, తొందరగా ఒంటికి పడుతుంది," అన్నాడు.

చీటీ రాసిచ్చాడు. ఆ మాట చెప్పేలోపే తన షెడ్డులో లావు వైరు తగిలించి, నాకు టీ తెప్పించాడు. ఖాళీగా పంపితే వాళ్ళమ్మ ఊరుకోదట.

చీటీ చూపించగానే లైనంతా లావు వైర్లు వెతికి తెచ్చారు. బుల్లెమ్మ గారు ఉబ్బిన పెట్టెని నిమిరి, ఇప్పుడిప్పుడే కాస్త ఒళ్ళు చేస్తోందని సంతోషించింది. నాకూ నిజమేననిపించింది.

పదకొండో రోజు

రెండో ఇల్లు తప్పింది. మళ్ళీ అదే ఇల్లు. నిన్నా మొన్నా బండిని చల్లార్చుకుంటూ ఎలాగో చేరాను, ఈసారి ఆరు కిలోమీటర్లకే ఆగింది. ఆరోగ్యం అరవై ఏడు.

ఇంకొక్కటి తప్పితే తూనీగ. దాన్ని ఆఫీసు వరండాలో గుడ్డ కప్పి ఉంచారు. వచ్చేటప్పుడు చూశాను. గుడ్డ అంచు కింద ఆ తీగ నాలుక కనిపిస్తూ ఉంది.

పన్నెండో రోజు

ఈ రోజు లైనుకి సెలవు. పొద్దున్నే బండి ఇంట్లో పడేసి, పడవ మాట్లాడుకుని ధర్మారావు గారింటికి వెళ్ళాను. దెబ్బలాడదామనే వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను.

ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ఎప్పట్లాగే రమ్మనలేదు, కూర్చోమనలేదు. డ్యూటీ డ్యూటీయే కదా అని ముందు లోపలికెళ్ళి ఫిల్టరులో పుల్ల ముంచాను. ఎర్రగా మారింది. బాగా ఎర్రగా. నిన్న నేను రాలేదు, ఆ ఒక్క రోజులోనే ఫిల్టరు పాడయింది, ఆయన ఉప్పు నీళ్ళు తాగుతున్నాడు. ఆఫీసుకి కబురు పెట్టలేదేమని అడిగితే, నువ్వే వస్తావులే అనుకున్నానన్నాడు. నేను పడవలో కూర్చుకున్న మాటలు సగం అక్కడే పోయాయి. సిగ్గేసింది. కొత్త ఫిల్టరు బిగించి, పుల్ల తెల్లగా వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మిగిలిన సగం మాటలు మాత్రం అనేశాను. చచ్చిన బ్యాటరీ అంటగట్టారన్నాను. ఆయన కోప్పడలేదు. ఈ పుస్తకం అడిగి తీసుకున్నాడు. హైమావతి గారు, ఆఫీసు పుస్తకం పరాయివాళ్ళకి చూపించకూడదని నాకు తెలుసు. చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి రోజు నుంచి చదివాడు, వేలితో లెక్కపెట్టుకుంటూ.

"నూట తొంభై ఎనిమిది సార్లు," అన్నాడు. "పదకొండు రోజుల్లో. ఎండలో, నిండిన దాని మీద మళ్ళీ. నేను రోజుకి ఒక్కసారి పెట్టేవాణ్ణి, నీడలో, ముప్పావు దాకా. పాతకాలం బ్యాటరీ అయితే ఈపాటికి నీ ఇల్లు అంటుకునేది."

ఖాదర్ బాబు బలహీనమన్నాడని చెప్పాను.

"బలహీనం కాదు రత్నమ్మా, అజీర్తి. దాన్నెవరూ చంపట్లేదు. మర్యాద చేస్తున్నారు."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను, ఎవరూ కూర్చోమనకుండానే. ఇన్నాళ్ళూ మీరు చెప్పిన మాట పిసినారితనం అనుకున్నానని ఒప్పేసుకున్నాను. ఆ పేరు తనకి తెలుసన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు పంటు నడిపాడట. ఎన్ని బళ్ళు ఎక్కించాలి, ఎక్కడ ఆపాలి అన్నదొక్కటే ఆయన ఉద్యోగం. ఇంకొక్కటేగా అని ఎక్కించిన రోజున పంటు మునుగుతుంది.

"అడిగితే ఇస్తాను. అడక్కుండా పెట్టడం నాకు చేతకాదు," అన్నాడు.

అప్పటికి నాకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. నీళ్ళ కుండ ఆయన వెనకే ఉంది. అడగడానికి నోరు రాలేదు. పుట్టి బుద్ధెరిగి ఒకరింట్లో నోరు తెరిచి ఏదీ అడిగిన అలవాటు లేదు, అడిగే అవసరం ఎవరూ రానివ్వలేదు. పడవ ఎక్కి, దాహంతోనే ఇంటికొచ్చాను.

పదమూడో రోజు

ఈ రోజు నుంచి వైర్లు వద్దని చెప్పాలనుకున్నాను. చెప్పాను. ఫలితం రాస్తున్నాను.

బుల్లెమ్మ గారికి వద్దని చెబితే వైరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మా ఇంటి కరెంటు మీకు పనికిరాదేంటండీ," అంది. నన్ను ఎప్పుడూ రత్నం అని పిలిచే మనిషి అండీ అనేసరికి నాకు గుండెల్లో రాయి పడింది. రెండో ఇంట్లో తెలివిగా, ఇప్పుడే బుల్లెమ్మ గారింట్లో నిండిందని అబద్ధమాడాను. అయితే వాళ్ళది ఎక్కువా మాది తక్కువా అని మొహం మాడ్చుకున్నారు. ఐదో ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకన్నా ముందు చేరింది. ఏడో ఇంట్లో ఏమీ అనలేదు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. ఫిల్టరు చూసి బయటికొస్తే లావు వైరు పెట్టి ఉంది, పక్కన దొంగతనంగా ఇంకోటి.

వద్దనడానికి పద్దెనిమిది ఇళ్ళలో పద్దెనిమిది రకాలుగా బతిమాలుకున్నాను. ఎక్కిన వైర్లు పదకొండు. ఆరోగ్యం అరవై ఐదు. పంతొమ్మిదో ఇంటికి చేరాను గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆఖరి రెండు కిలోమీటర్లు తోసుకొచ్చాను.

పదిహేనో రోజు

దారి దొరికింది. బుల్లెమ్మ గారింట్లోనే దొరికింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఆడపడుచు వచ్చి ఉంది. వంటింట్లో అందరికీ విస్తళ్ళు వేసి కొత్తావకాయ, ముద్దపప్పు, గిన్నెడు నెయ్యి. ఆడపడుచు మాత్రం ఓ మూల కూర్చుని చప్పిడి అన్నంలో మజ్జిగ పోసుకుని తింటోంది. బుల్లెమ్మ గారు వాకిట్లో కాకిని కూడా కడుపు నిండిందా అని అడిగే మనిషి. అలాంటిది ఆడపడుచు విస్తరి పక్కనుంచి నెయ్యి గిన్నె పట్టుకుని వెళ్తూ ఒక్క బొట్టు వెయ్యలేదు, వేసుకోమని అననూ లేదు. ఏమిటీ వింత అని అడిగాను.

"కామెర్లకి పసరు తాగిందమ్మా. నలభై రోజులు పథ్యం. పథ్యంలో ఉన్న మనిషిని బలవంతపెడితే పాపం కాదూ?"

ఫిల్టరు చూసుకుని, ఇంకో ఇంటికి వెళ్ళకుండా తిన్నగా రేవుకి తోలాను. ఖాదర్ బాబుని చీటీ మార్చి రాయమన్నాను. మొదటి చీటీ తప్పని ఒప్పుకోవడానికి అతనికి మనసొప్పలేదు. నీ వైద్యం తప్పని ఎవరన్నారు, అది ఇంగ్లీషు వైద్యం, అది అయింది కాబట్టి ఇప్పుడు మన వైద్యం అన్నాను. అలాగైతే సరేనని రాసిచ్చాడు. "చప్పిడి పథ్యం, నలభై రోజులు. పొద్దున ఒకసారి ఇంట్లో. మధ్యాహ్నం ఒకసారి పద్దెనిమిదో ఇంట్లో, సన్న వైరుతో, నీడలో, మూడొంతులు. మధ్యలో ఏమీ పెట్టరాదు." కింద సంతకం చేసి షెడ్డు ముద్ర వేశాడు.

చీటీని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి హ్యాండిలుకి కట్టాను. తిరిగొచ్చి మిగతా ఇళ్ళు పూర్తి చేసేసరికి ఒళ్ళు హూనమైంది గానీ, మధ్యలో ఒక్కరూ వైరు పెట్టలేదు.

పదిహేడో రోజు

ఆరోగ్యం అరవై నాలుగు. రెండు రోజులుగా అక్కడే ఆగింది.

అయితే మావాళ్ళ గురించి నేను తొందరపడ్డాను. వైరు మానేశారు గానీ మర్యాద మానలేదు. పథ్యంలో ఏం పెట్టొచ్చని బుల్లెమ్మ గారు నన్ను గట్టిగా నిలదీసింది. ఏమీ వద్దంటే ఊరుకునేలా లేదని, నీడ పెట్టొచ్చు, తడి గోనె కప్పొచ్చు అని చెప్పాను. ఈ రోజు వెళ్ళేసరికి నా బండి కోసం తాటాకు పందిరి వేయించింది. తడి గోనె కప్పి, పక్కన పీట వేసుకుని తాటాకు విసనకర్రతో విసిరింది. నాకు విసరలేదు. నాలుగో ఇంటివాళ్ళు నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు, దిష్టి తగిలి ఉంటుందని. పదో ఇంట్లో బండికెలా ఉందని అడిగాక, అప్పుడు గుర్తొచ్చినట్టు నన్నూ అడిగారు.

పద్దెనిమిదో ఇంట్లో ముప్పావు నింపుకుని ధర్మారావు గారింటికి చేరాను. ఆయన చీటీ మొత్తం చదివాడు. మీసం కదిలింది. ఆఫీసుకి వచ్చేసరికి ఐదు మిగిలింది. కొనప్రాణమే, కానీ తోసుకుని రాలేదు.

పంతొమ్మిదో రోజు

హైమావతి గారు పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. రెండు ఇళ్ళు తప్పినందుకు పై ఆఫీసు ఊరుకోవడం లేదట. ఇరవై ఒకటో రోజున నన్నూ తూనీగనీ ఒకే లైను మీద వదులుతారట. పొద్దు గుంకేలోగా పంతొమ్మిది ఇళ్ళూ చూసి ఆఫీసులో ముద్ర ఎవరు వేయిస్తే లైను వాళ్ళది. ఇద్దరూ వేయిస్తే తూనీగదే, ఎందుకంటే దానికి సెలవులక్కర్లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు. ఆవిడ మంచిదే.

ఇరవై ఒకటో రోజు

ఆఫీసు వరండాలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తూనీగ నాకన్నా గంట ముందు లేచింది. నేను బుల్లెమ్మ గారింటికి వెళ్ళేసరికి అది అక్కడే ఉంది. ముంగిట్లో పీట వేసి కూర్చోబెట్టారు, మెడలో బంతిపూల దండ. లావు వైరు పెట్టి ఉంది. కొత్త చుట్టం కదా, ఖాళీ కడుపుతో ఎలా పంపుతామంది బుల్లెమ్మ గారు. అది ఆఫీసు యంత్రం పిన్నీ, నా పని లాక్కోవడానికి వచ్చిందన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. అయినా వైరు తియ్యలేదు. గుమ్మంలోకి వచ్చాక ఎవరైతేనేమి, నీకు మాత్రం తెలియదా అంది. తెలుసు. నేనైనా అదే చేసేదాన్ని.

ఆ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళు, ఎవరైనా కరెంటు ఇస్తుంటే వదిలి వెళ్ళొద్దని దానికి నేర్పి పంపారట. ఎక్కడో కరెంటు కరువున్న ఊళ్ళో కూర్చుని ఆలోచించినట్టున్నారు. ప్రతి ఇంటి దగ్గరా అది వాలడం, వీళ్ళు పెట్టడం, అది తాగడం. నాలుగో ఇంట్లో నేను దాన్ని దాటేశాను.

ఇక్కడితో ఆపితే నాకే మంచిది, కానీ మిగతాది కూడా రాస్తాను. తొమ్మిదో ఇంట్లో నేను పని ముగించి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడొచ్చి వాలింది తూనీగ. ఎగరడం కాదు, దొర్లుకుంటూ వచ్చింది. పొట్ట రెండు పక్కలా ఉబ్బిపోయి, దండ బిగిసిపోయింది. ఎండలో నేల మీద పడి రెక్కలు టపటప కొట్టుకుంటోంది. ఆ ఇంటావిడ పాపం నీరసపడిందని వైరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

నేను బండెక్కి వెళ్ళిపోవచ్చు. కాలు కూడా వేశాను. నాకు దానిమీద ఏ జాలీ లేదు, అది నా అన్నం లాక్కునేదే. కానీ నా బండి అలా కాగిపోయిన రోజున దాని మీద చెయ్యి వేసి చూసినదాన్ని. దిగాను. ఆవిడ చేతిలో వైరు లాక్కుని అవతల పెట్టాను. దండ తెంపి, దాన్ని నీడలోకి ఎత్తుకెళ్ళి, నా బండి మీద గోనె తీసి తడిపి కప్పాను. ఖాదర్ బాబు చీటీ విప్పి దానికి కట్టాను. ఇది కూడా పథ్యంలోనే ఉంది, ఎవరూ ఏమీ పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. అది చల్లబడి రెక్కలు ఆగేదాకా విసిరాను. ముప్పావుగంట పోయింది.

ఆ ముప్పావుగంటే నా కొంప ముంచింది. పద్దెనిమిదో ఇంట్లో ముప్పావు దాకా నింపుకునే వ్యవధి లేదనిపించింది. నలభై దగ్గర వైరు పీకి కట్ట ఎక్కాను. ధర్మారావు గారి గుమ్మంలోకి వెళ్ళేసరికి మీటరు మీద ఏడు. పొద్దు కట్టకి మూరెడు ఎత్తులో ఉంది. పదిహేను కిలోమీటర్లు వెనక్కి వెళ్ళాలి.

ఫిల్టరు చూశాను. తెల్లన. తలుపు మీద చుక్క పెట్టాను. పంతొమ్మిది ఇళ్ళూ అయ్యాయి, ముద్ర మాత్రం కాలేదు. ఆయన అరుగు మీద కూర్చుని నా బండి మీటరు చూశాడు, పొద్దు చూశాడు, మళ్ళీ తాడు పేనుకున్నాడు. వైరు గోడకి చుట్టి వేలాడుతోంది, నాకు చెయ్యి చాచినంత దూరంలో.

నాకు ముందు కోపం వచ్చింది. కళ్ళారా చూస్తూ ఎలా కూర్చున్నాడని. తరవాత ఏడుపొచ్చింది. ఆ తరవాత ఆయన మొన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. నోట్లోంచి మాట ఊడిపడడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలియదు. పద్దెనిమిది ఇళ్ళలో వద్దనడం కూడా ఇంత కష్టం కాలేదు.

"బాబాయి గారూ, కాస్త కరెంటు ఇస్తారా," అన్నాను.

ఆయన తాడు పక్కన పెట్టి వెంటనే లేచాడు. వైరు విప్పుతూ, "ఎంత కావాలి?" అన్నాడు.

నాకు నలభై నాలుగేళ్ళు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. ఇంకొంచెం అన్నవాళ్ళున్నారు, చాల్లేదేమో అన్నవాళ్ళున్నారు, ఎంత అని ఎవరూ అడగలేదు. ఎంత కావాలో నాకు చప్పున తెలియలేదు. పదిహేను కిలోమీటర్లు అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్క వేసి, నలభై రెండు చాలన్నాడు. బండిని చూరు నీడలోకి లాగి, సన్న వైరు పెట్టి, మీటరు పక్కనే నిలబడ్డాడు. నోరు ఎలాగూ తెరిచాను కదా అని మంచినీళ్ళు కూడా అడిగాను. ఒక గ్లాసుడు తెచ్చిచ్చాడు. ఇంకో గ్లాసు కావాలా అని అడగలేదు. నాకూ ఒక గ్లాసే చాలింది.

నలభై రెండు రాగానే వైరు పీకేశాడు. నలభై మూడు కానివ్వలేదు. "ఇక వెళ్ళు, పొద్దు ఆగదు," అన్నాడు.

ఆఫీసు మెట్ల దగ్గర బండి ఆగేసరికి మీటరు మీద ఒకటి ఉంది, పొద్దు ఇంకా బెత్తెడు ఉంది. హైమావతి గారు, ముద్ర వేసింది మీరే కాబట్టి అది మీకు తెలుసు. తూనీగ పదకొండో ఇంట్లో పీట మీద ఉందని కబురొచ్చింది. చీటీ చూసి ఎవరూ వైరు పెట్టలేదట గానీ, పందిరి కింద కూర్చోబెట్టి ఇద్దరు ముసలమ్మలు చెరో పక్కా విసురుతున్నారట. విసురుతున్నంతసేపు గాలి ఎక్కువగా ఉందనుకుని అది లేవడం లేదట. రేపు దాన్ని ఖాదర్ బాబు షెడ్డుకి పంపండి. నలభై రోజుల పథ్యం చేయిస్తే బాగుపడుతుంది, నా బండి బాగుపడలేదూ? అరవై నాలుగు నిలబడింది.

పై ఆఫీసుకి ఈ పుస్తకం ఉన్నదున్నట్టు పంపమని నా మనవి. తొమ్మిదో ఇంటి దగ్గర జరిగింది కొట్టెయ్యొద్దు. కొట్టేస్తే ముప్పావుగంట లెక్క తేలదు.

ఆఖరి సంగతి. ముద్ర వేశాక మీరు నా మీటరు చూసి అయ్యో అన్నారు, వరండాలోంచి వైరు లాక్కుని పరిగెత్తుకొచ్చారు. రెండు నెలలకే మావాళ్ళలో కలిసిపోయారు, సంతోషం. నేను అడ్డం నిలబడి, ముందు ఎంత అని అడగండి అన్నాను.

మీరు నవ్వి, అడిగారు. ఇంటికి నాలుగు కిలోమీటర్లే, పదిహేను చాలన్నాను.